రెండు గంటలయ్యేదాకా

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ భర్త ఆ ఉదయం పదింటికి బేగంపేటలో దుబాయ్ విమానం ఎక్కాడట. "పన్నెండున్నరకు దిగుతడని టికెట్ల ఉంది. గందుకే పన్నెండున్నర దాకా ఆగి ఇల్లు ఊకిన," అంది. ఊరికి పోయిన మనిషి చేరేదాకా ఇల్లు ఊడవకూడదని వాళ్ల ఆనవాయితీ.

తెలిసింది చెప్పకుండా ఉండలేని వయసు నాది అప్పట్లో. "టికెట్‌లో ఉన్నది అక్కడి టైం. మనకంటే గంటన్నర వెనక. ప్రయాణం నాలుగ్గంటలు," అన్నాను.

ఆమె గబుక్కున నావైపు తిరిగింది. "అంటే ఇంకా గాలిలనే ఉన్నడా? ఊకేస్తిని గద, చెల్లె!"

అప్పటికి ఒంటిగంట దాటింది. ఏమీ కాదన్నాను, వినలేదు. వాచీ ఉన్న నా చెయ్యి పట్టుకుంది. శామీర్‌పేటలో దిగాక కూడా వదల్లేదు. స్టాండులో బెంచీ మీద ఇద్దరం వాచీ ముళ్లు చూస్తూ కూర్చున్నాం. రెండు కాగానే చెయ్యి వదిలి, "నిన్ను జర పరేషాన్ జేసిన," అని వెళ్లిపోయింది.

నాకు అలాంటి పట్టింపులు లేవు. కానీ మావాళ్లెవరైనా విమానమెక్కితే, దిగామని ఫోన్ వచ్చేదాకా మా ఇంట్లో చీపురు కనపడదు. ఎక్కడ పెట్టానో మరిచిపోయానని చెప్తాను.