మగ్గాల క్లబ్బు గోల్‌కీపర్

చీరల మూటతో గద్వాల నుంచి హైదరాబాదు వచ్చిన ఒక నేతగాడు పోయిన వారం నా గది ముందు ఆగాడు. మూట దించకుండానే చెప్పాడు: "మీ మామ పోయిండు. జరమొచ్చింది, మళ్ల లేవలే."

మామ నాకు చుట్టం కాడు. మా పక్కింటాయన. వీధిలో పడుచువాళ్లందరికీ ఆయన మామే. పగలు మగ్గం నేసేవాడు, సాయంత్రం ఫుట్‌బాల్ ఆడేవాడు. మా ఊరి క్లబ్బుకు మొదటి నుంచి కెప్టెనూ గోల్‌కీపరూ ఆయనే. ఆ క్లబ్బు చరిత్ర ఎవరూ రాయలేదు. ఆయన గురించి రాస్తే అది కూడా రాసినట్టే.

రైల్వే స్టేషన్‌లో పనిచేసిన ఒక ఉద్యోగి బదిలీ మీద పోతూ తన తోలుబంతిని మామకు ఇచ్చాడు. ఆట సగమే నేర్పాడు. మిగతా సగం మావాళ్లు తమలో తాము తగువులాడి తేల్చుకున్నారు. గోల్‌కీపర్ ఒక్కడే కాదు, అలసిపోయినవాడెవడైనా బంతిని చేత్తో పట్టుకోవచ్చని చాలాకాలం నమ్మారు. వనపర్తి జట్టు వచ్చి నవ్వితే గానీ అది తప్పని తెలియలేదు.

జట్టులో ఎక్కువమంది నేతవాళ్లం. సైకిల్ షాపు సాయిబు బంతికి గాలి కొట్టేవాడు, కుడివైపు ఆడేవాడు. నేతవాళ్లే ఎక్కువ కాబట్టి ఊళ్లో మాది మగ్గాల క్లబ్బు. బూట్లు ఎవరికీ లేవు. "మగ్గం గుంతల కూసోని పొద్దంత తొక్కుతనే ఉంటం. మన కాళ్లకు బంతి ఒక్కటే తక్కువ" అనేవాడు మామ.

ఆటకు ముందు ఆయన అరచేతులకు పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, పట్టించే గంజి రాసుకునేవాడు. బంతి జారదని ఆయన నమ్మకం. అది ఆరాక చప్పట్లు కొడితే చెక్కలు తగిలినట్టు వినిపించేది. మగ్గం కింద మిగిలిన పోగులు పేని గోలుకు వల అల్లాడు. యుద్ధకాలంలో బంతిలోకి గాలి నిలిపే రబ్బరు బ్లాడర్ దొరక్కపోతే ఆ పోగులనే లోపల కుక్కాడు. బంతి ఎగరడం మానేసింది. మేము గొణిగితే, "ఎగరకపోతే ఏమాయె, పోతది గద!" అన్నాడు.

మా ఆటస్థలం నిజానికి ఆటస్థలం కాదు. వీధి చివర ఉన్న ఆ ఖాళీ జాగాలో పొద్దున నేతవాళ్లు పడుగులు చాపి, గంజి పట్టించి, ఆరాక ఎత్తేవారు. ఆ తరువాత మేము ఆడేవాళ్లం. ఒకసారి పడుగు ఎత్తకముందే బంతి వచ్చి దాని మీద పడింది. పోగులు తెగాయి. తెగిన ప్రతి పోగునూ ముడివేయాలి. వీధి పెద్ద మామను పిలిచి, "ఇంకొక్కసారి బంతి పడుగుకు తగిలిందంటే ఈ జాగల బంతి కనిపించొద్దు" అన్నాడు. చుట్టుపక్కల ఉన్నవి రాళ్లచేలు. ఆ జాగా పోతే క్లబ్బు లేదు.

వనపర్తి జట్టు రెండోసారి వచ్చిన రోజు పొద్దున వాన పడింది. పడుగు ఆలస్యంగా చాపారు. అది కూడా వీధి పెద్దదే, పెళ్లిచీరల పడుగు. జాగా అంతా బురద. తూర్పు గోలుగీత వెనక గట్టు ఒక్కటే పొడిగా ఉంటే అక్కడ చాపారు. మధ్యాహ్నం దాటినా ఆరలేదు. వచ్చినవాళ్లు సాయంత్రం రైలుకు పోవాలి. ఊరంతా వచ్చి కూర్చుంది.

"ఏం జేస్తం తాతా?" అని మామ పెద్దాయనను అడిగాడు.

"ఆడుండ్రి. నా మాట మాత్రం యాదుంచుకో."

నేను వెనక వరుసలో ఆడాను కాబట్టి ఇది విన్నమాట కాదు. మొదటి సగంలో తూర్పు గోలు వనపర్తిది. అటువైపు బంతిని గట్టిగా తన్నవద్దని మామ మాకు ఆజ్ఞ వేశాడు. "నేల మీదనే దొర్లియ్యిండ్రి!" అని అవతలి కొస నుంచి కేకలు. మావాళ్లు గోలు ముందుకు పోయి, పసిబిడ్డను నడిపించినట్టు బంతిని నెడుతుంటే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అట్లా దొర్లిస్తూనే ఒక గోలు వేశాం. వనపర్తి కూడా ఒకటి వేసింది.

రెండో సగంలో తూర్పు గోలు మామది. ఆట ముగిసే వేళకు వనపర్తి కెప్టెన్, తాలూకా కచేరీలో పనిచేసే ఒక ముస్లిం యువకుడు, బలంగా తన్నాడు. గురి తప్పింది. బంతి గోలుకు దూరంగా పోతోంది. వదిలేస్తే బయటికి పోయేది, మాకేమీ నష్టం లేదు. కానీ సూటిగా పడుగు మీదికి పోతోంది.

మామ గోలు వదిలి దూకాడు. గీత దాటబోతున్న బంతిని రెండు చేతులతో వెనక్కి గుద్ది బురదలో బోర్లా పడ్డాడు. బంతి తిరిగి వచ్చి వనపర్తి వాడి కాళ్ల ముందే పడింది. గోలులో ఎవరూ లేరు. వాడికి నమ్మకం కుదరక ఒకసారి మా వైపు చూసి, ఆ తరువాత తన్నాడు.

ఓడిపోయాం. సైకిల్ షాపు సాయిబు తల పట్టుకున్నాడు. "ఏంది మామా గిది! పొయ్యే బంతిని పిలిచి గోల్ ఇప్పిస్తివి!"

మామ మూతి మీది బురద తుడుచుకున్నాడు. "గోల్ పోతే మళ్ల కొడతం. జాగ పోతే యాడ కొడతం రా?"

పెద్దాయన పడుగు వెంట వంగి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకుంటూ పోయాడు. ఒక్క పోగూ తెగలేదు. ఆయన నడుము ఎత్తేసరికి మళ్లీ చినుకులు.

"అరే, తడుస్తది! పట్టుండ్రి, పట్టుండ్రి!"

రెండు జట్లూ పరుగెత్తాయి. ఒక కొసన పెద్దాయన పడుగును చుట్టుకుంటున్నాడు. మిగతా అందరం దాన్ని చేతుల మీద పైకెత్తి, నేలకు తగలకుండా, ఆయన వైపు ఒక్కో అడుగే జరుగుతున్నాం. మా చేతులు బురదవని ముంజేతుల మీద మోయమన్నాడు.

"ఏయ్, గోల్ కొట్టినోడా! చెయ్యి దించకు!"

"దించుతలేను తాతా, మీ ఊరోడే గుంజుతుండు!"

స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. వనపర్తి ఆటగాడొకడు తమ కెప్టెన్ వైపు చూశాడు. "పోతే పోనీ, జర గట్టిగ పట్టు" అన్నాడతను.

మామ జరుగుతూ తన దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన చుట్టడం ఆపకుండా, తల ఎత్తకుండా అన్నాడు: "రేపటి సంది పడుగులు జల్ది ఎత్తుతం. సాయంత్రం జాగ మీది."

మామ రెండు చేతులూ పైనే ఉన్నాయి. గడ్డం నుంచి బురదనీళ్లు కారుతుండగా పైకి చూసి నవ్వుతున్నాడు. ఆయన తల మీద తెల్లని పోగులు, పోగుల సందున చినుకులు.