కారం మీద పడ్డ నింద

ఒంట్లో తేడా ఉందని నాకు మొదట తెలిసింది వంటా-వార్పు రోజున. 2011 ఎండాకాలం చివర అది. తెలంగాణ రాష్ట్రం కోసం ఊరూరా జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తింటున్న రోజులు. మా లింగాల ఘనపూర్ నుంచి జనగామ పోయే రోడ్డు మీద మేమూ పొయ్యిలు పెట్టాం. కూరల్లోకి కారం మా గిర్నీ నుంచే పోయింది. మాకు పిండి పట్టే మిషన్ ఒకటి, కారం పట్టే మిషన్ ఒకటి ఉన్నాయి. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే ఎండుమిరప మా దగ్గరే పట్టిస్తారు. అందుకే ఊళ్ళో నన్ను గిర్నీ నర్సవ్వ అంటారు.

అందరూ వంకాయ కూర కలుపుకుని, పచ్చిపులుసు పోసుకుని తింటుంటే నేను ఓ పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నాను. పక్కింటి ఎల్లమ్మ నన్ను చూసి నవ్వింది.

"ఊరందరికి కారం పట్టిస్తవ్, నువ్వేమొ బాలింత పత్తెం తింటవ్. గిదేం గిర్నినే నీది?"

"నా కడుపు సంగతి నాకెరుక. నువ్వు తిను."

చెయ్యి కడుక్కుందామని లేచాను. కళ్ళకు చీకట్లు కమ్మాయి. తెలివి వచ్చేసరికి చెట్టు నీడలో ఉన్నాను, ఎవరో నిమ్మరసం తాగిస్తున్నారు. ఎండదెబ్బ అన్నారు. నాకు అప్పటికి అరవై మూడేళ్లు. ఎండలో పనిచెయ్యడం నాకు కొత్త కాదు. మర్నాడు పొద్దున దొడ్డికి పోతే నల్లగా, తారులాగా, జిగటగా వచ్చింది.

నేను దేన్నీ ఊరికే నమ్మే మనిషిని కాను. తూకం వేసే చోట బతికినదాన్ని. మొదట రోడ్డు మీద వండిన అన్నాన్ని అనుమానించాను. ఆ గిన్నెలోది తిన్నవాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను, ఎవరికీ ఏమీ కాలేదు. అల్లనేరేడు పండ్లు తింటే నల్లగా అవుతుందంటారు, నేను ఆ పండ్లు ముట్టలేదు. రక్తం పట్టే గోళీలు వాడేవాళ్ళకు నల్లగా వస్తుందని ఎల్లమ్మ చెప్పింది. నేను వాడింది మోకాళ్ళ నొప్పికి మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన గోళీలే. ఆ ఆర్‌ఎంపీ దగ్గరికే పోయాను.

"వేడి చేసింది అవ్వా. ఒక సెలైన్ ఎక్కిస్తె లేస్తవ్."

"వేడి నాకు యేటా చేస్తది గదా డాక్టర్ సాబ్. నల్లగ ఈ ఒక్కసారే ఎందుకొచ్చింది?"

ఆయన సెలైన్ బాటిల్ తగిలించే పనిలో పడ్డాడు. సెలైన్ పెట్టించుకోకుండా ఇంటికి వచ్చాను.

నా కడుపు నొప్పి సంగతి ఇక్కడ చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా కడుపు ఖాళీ అయితే చాలు, రొమ్ము కింద మంట. ఏదైనా తింటే తగ్గేది. గిర్నీలో కారం ఘాటు లోపలికి పోయి కడుపు పుండయిందని అప్పట్లో అందరూ అన్నారు. అప్పటినుంచి కారం మానేశాను. తొక్కు మానేశాను, పచ్చిపులుసు మానేశాను. కానీ కారం మానినా నొప్పి మానలేదు. కొన్ని నెలలు పోయేది, మళ్ళీ వచ్చేది. ఈ లెక్క ఎక్కడో తప్పిందని అనిపించేది. అయినా తప్పు ఎక్కడుందో చూపించే మనిషి దొరకలేదు.

మా సదయ్య నా ఒక్కగానొక్క కొడుకు, గిర్నీ నడిపేది వాడే. వాడు నన్ను హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. హిమోగ్లోబిన్ సగానికి పడిపోయిందన్నారు. రక్తం ఎక్కించారు. నోట్లోంచి గొట్టం వేసి ఎండోస్కోపీ చేశారు. గొట్టం లోపల ఉన్నంతసేపూ నేను నర్సు చెయ్యి వదలలేదు.

డాక్టరు మాట మా వైపుది కాదు. ఆ రోజుల్లో మాకు అది కూడా ఒక అనుమానమే. "మీది ఏ ఊరు సార్?" అని అడిగాను.

"ఊరు తెలిస్తే కడుపు తగ్గుతుందా అమ్మా?" అని, కంప్యూటర్‌లో నా పేగు బొమ్మ చూపించాడు. "ఇది డ్యుయోడినల్ అల్సర్, అంటే చిన్నపేగు మొదట్లో పుండు. ఇక్కడ నుంచే బ్లీడ్ అయింది. చిన్న ముక్క తీసి పరీక్ష చేశాం. హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంది. అల్సర్‌కు అసలు కారణం అదే. దానికి మీ మోకాళ్ళ మాత్రలు తోడయ్యాయి. అవి ఇక ముట్టుకోవద్దు."

"కారం కాదా?"

"కారం వల్ల ఉన్న మంట కాస్త ఎక్కువ అనిపించవచ్చు. పుండు పుట్టించేది కారం కాదు. పాత పుస్తకాల్లో తిండి, టెన్షన్ అనే ఉండేది. తర్వాత పరిశోధనల్లో ఈ బ్యాక్టీరియా బయటపడింది."

"పద్దెనిమిదేండ్లు కారం తినొద్దన్నరు. ఇప్పుడు క్రిమి అంటున్నరు. రేపు ఇంకోటి చెప్పరని ఏంది నమ్మకం?"

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నమ్మకం అక్కర్లేదమ్మా. అందుకే మందులు వాడాక మళ్ళీ పరీక్ష చేయిస్తాం."

ఆ మాట ఒక్కటి గట్టిగా పట్టుకున్నాను.

రెండు వారాలు పొద్దున, రాత్రి యాంటీబయాటిక్స్ రాశారు. దాంతోపాటు పరగడుపున వేసుకునే గ్యాస్ గోళీ ఒకటి. నోరంతా చేదు, ఇనుము నాకినట్టు ఉండేది. కోడలు స్వరూప "సగం వాడి ఆపెయ్ అత్తమ్మా, నీరసమైతున్నవ్" అంది. ఆపలేదు. కోర్సు అయిపోయింది, గ్యాస్ గోళీ మాత్రం వాడుతూ ఉండమన్నారు. కడుపులో మంట పూర్తిగా పోయింది.

ఈలోపు ఇంట్లో ఇంకో పంచాయితీ మొదలైంది. సదయ్యకు నా జబ్బు కారం వల్లనే అన్న మాట మనసులోంచి పోలేదు. చిల్పూర్ నుంచి ఒకాయన కారం మిషన్ కొంటానని వచ్చాడు.

"అమ్మేద్దాం అవ్వా. పిండి మిషన్ చాలు మనకు. నువ్వు రోడ్డు మీద పడ్డనాడు నా పానం పోయింది."

"డాక్టర్ కారం కాదన్నడు గదరా."

"డాక్టర్లు సవాలక్ష అంటరు."

వాడి అనుమానం కూడా నా దగ్గర నేర్చుకున్నదే. మా ఆయన పోయిన తర్వాత ఆ కారం మిషన్ మీదే వాణ్ణి పెంచాను. కొనేవాడికి దసరా దాకా ఆగమని చెప్పాను.

వానాకాలంలో మందు పనిచేసిందో లేదో చూసే బ్రెత్ టెస్ట్ కోసం హైదరాబాద్ పోయాం. పరగడుపున ఒక సంచిలో ఊదాలి, ఏదో నీళ్లు తాగాలి, కాసేపాగి మళ్ళీ ఊదాలి. నా ముందు భూపాలపల్లి నుంచి వచ్చిన బొగ్గుబావి కార్మికుడు ఉన్నాడు. పరీక్ష చేసే అబ్బాయి ఆయన్ని అడిగాడు.

"గ్యాస్ గోళీ ఎప్పుడు వేసుకున్నారు?"

"నిన్న."

"అయితే రెండు వారాలు ఆపి రండి."

"గా ముచ్చట ఫోన్ల చెప్పొద్దా? భూపాలపల్లి అంటె పక్క సందు అనుకున్నవా?" అని ఆయన కేకలేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ గొడవ సద్దుమణిగాక ఆ అబ్బాయి చాయ్‌కి పోయాడు, వాడి సీట్లోకి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె నన్ను ఏమీ అడగలేదు. ఊదమంది, ఊదాను. సాయంత్రానికి నెగటివ్ అని చెప్పారు. సదయ్య అక్కడే మిఠాయి కొన్నాడు.

రైలు ఆలేరు దాటాక నా బుర్రలో ఏదో గుచ్చుకుంది.

"సదయ్యా, ఆ భూపాలపల్లి ఆయన్ని ఎందుకు వాపసు పంపిండ్రురా?"

"ఏమో."

"నేను గుడ పొద్దున్నే గ్యాస్ గోళి ఏసుకున్న గదా. నన్నెందుకు అడగలె?"

"నెగటివ్ వచ్చిందంటె సంతోషపడాలె గని, మల్లేంది నీ పంచాది? మిఠాయి తిను."

తినలేదు. ఆ వారమే హన్మకొండ పోయి డాక్టరు ముందు కూర్చున్నాను.

"సార్, గ్యాస్ గోళి ఏసుకుంట ఊదితె పరీక్ష తప్పు చెప్తదా?"

ఆయన రాయడం ఆపాడు. "చెప్పవచ్చు. ఆ మాత్ర ఉన్నప్పుడు బ్యాక్టీరియా అణిగి ఉంటుంది. ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మావాళ్ళు ఆపమని చెప్పలేదా?"

"వాళ్ళు చెప్పలె. మీరు గుడ చెప్పలె."

ఆయన నా కాగితాలు ముందుకు లాక్కున్నాడు. అల్సర్ ఈపాటికి మాని ఉంటుందని చెప్పి, గ్యాస్ గోళీ రెండు వారాలు ఆపమన్నాడు. మంట వస్తే తాగడానికి తెల్లటి మందు రాసిచ్చాడు. మళ్ళీ నల్లగా వచ్చినా, కళ్ళు తిరిగినా పరీక్ష సంగతి వదిలేసి వెంటనే రమ్మన్నాడు.

గోళీ ఆపిన నాలుగో రోజుకు మంట మొదలైంది. అప్పుడే సకల జనుల సమ్మె కూడా మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. కరెంటు కోతల్లో గిర్నీ సగం రోజు నడవలేదు. నేను పొద్దున లేవగానే మొదట చూసుకునేది రంగు. సదయ్య తలుపు బయటే నిలబడి "ఎట్లుంది?" అని అడిగేవాడు. ఏ కొడుకూ తల్లిని అడగాల్సిన మాట కాదు అది.

"క్రిమి పోయిందన్నరు గదా. మరి మంట ఎందుకొచ్చింది? కారమే అవ్వా, నా మాట ఇను. దసరాకు వాడొస్తడు. మిషన్ ఇచ్చేస్త."

వాడి లెక్కలో తప్పులేదు. పరీక్ష నిజమైతే వాడిదే నిజం. క్రిమి లేకుండా మంట ఉంటే నింద కారానిదే. అందుకే పరీక్షే తప్పు కావాలని కోరుకున్నాను. రోగం ఇంకా ఉండాలని దేవుడికి మొక్కిన రోగిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రెండు వారాలు నిండాయి. రైల్ రోకో అన్నారు, అది అయ్యేదాకా ఆగాం. తర్వాత పాల వ్యాన్‌లో జనగామ పోయాం. ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా టెంటు వేసి సమ్మె పిల్లలు కూర్చున్నారు. ఒకడు వ్యాన్‌లోకి తొంగి చూశాడు.

"అవ్వా, యాడికి?"

"దవాఖానకు."

"ఏం రోగం?"

"ఉందో లేదో తెలుసుకోనీకె పోతున్న."

"గిదేందో మన తెలంగాణ లెక్కనె ఉన్నదే!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వి దారి ఇచ్చారు. నాకూ నవ్వు వచ్చింది, చాలా రోజుల తర్వాత.

జనగామలో రైలెక్కి హైదరాబాద్ పోయాం. ఈసారి ఊదే ముందు నేనే చెప్పాను. గ్యాస్ గోళీ ఆపి రెండు వారాలు దాటింది, యాంటీబయాటిక్ ఆపి నెల ఎప్పుడో దాటింది, పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు అని. ఆ అమ్మాయి తల ఎత్తి చూసింది. "మీరు నర్సా అమ్మమ్మా?" అంది.

"గిర్నీ."

పాజిటివ్ వచ్చింది. నేను ఆ కాగితం సదయ్య చేతిలో పెట్టాను. వాడు చాలాసేపు చూశాడు. జనగామలో దిగాక, ప్లాట్‌ఫారం మీదే చిల్పూర్ ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, మిషన్ ఇయ్యం" అన్నాడు.

మొదటి మందులకు ఆ క్రిమి లొంగలేదని, కొన్నింటికి అది అలవాటు పడిపోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. రెండో కోర్సులో నాలుగు రకాల మందులు. వాటిలో బిస్మత్ అనేది ఉంది. దానివల్ల నాలుక, విరేచనం నల్లగా అవుతాయని, జిగటగా తారులాగా వస్తేనే భయపడాలని ముందే చెప్పాడు. ఆయన చెప్పినా నేను మనసు నిలుపుకోలేకపోయాను. రోజూ నలుపు కనబడుతుంటే అది మందో రక్తమో ఎవరికి తెలుసు? కోర్సు మధ్యలో జనగామలో హిమోగ్లోబిన్ చేయించుకున్నాను. తగ్గలేదు, కొంచెం పెరిగింది. అప్పుడు నమ్మాను.

కోర్సు అయ్యాక నెల దాటనిచ్చి, గ్యాస్ గోళీ ఆపి, మూడోసారి ఊదాను. నెగటివ్. ఇంటికి వచ్చినా ఎవరికీ మిఠాయి పంచనివ్వలేదు. మందుల్లేకుండా చలికాలమంతా గడిచి, ఎండుమిరప సీజన్ వచ్చి, కడుపు ఖాళీగా ఉన్నా మంట రాలేదని చూశాకే కారం తినడానికి ఒప్పుకున్నాను. స్వరూప పచ్చిపులుసు చేసింది. ఎల్లమ్మ చూడటానికి గోడ దాటి వచ్చింది. రెండు ముద్దలు తిన్నాను. కళ్ళల్లో, ముక్కులో నీళ్లు. పద్దెనిమిదేళ్ళు చప్పిడి తిన్న నోరు కదా.

"ఏమాయెనే? కడుపా?" అంది ఎల్లమ్మ భయపడి.

"కడుపు మంచిగనె ఉన్నది. నోరే మర్చిపోయింది."

ఇప్పుడు రాష్ట్రం వచ్చింది, మాది జనగామ జిల్లా అయింది. కారం మిషన్ నడుస్తూనే ఉంది. మోకాళ్ళ నొప్పికి డాక్టరును అడగనిదే ఏ గోళీ మింగను. కారం తింటాను, ఎల్లమ్మ తిన్నంత కాదు. ఆ డాక్టరు ఏ ఊరివాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన చెప్పినదేదీ ఒక్కసారైనా తిరిగి అడగకుండా ఒప్పుకోలేదు, ఆయనా అడగొద్దని ఎప్పుడూ అనలేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఏ పరీక్షకైనా పోయే ముందు, ఆ పరీక్ష రాసిన డాక్టరును మీరే అడగండి: "నేను రోజూ వేసుకునే గోళీల్లో ఏది ఆపాలి, ఎన్ని రోజుల ముందు ఆపాలి?" మీ అంతట మీరు ఏదీ ఆపకండి. కానీ ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా సంచిలో ఊదకండి.