డ్రైవరన్న ఆపిన బండి

మా డ్రైవరన్న చనిపోయాడు. వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తుంటే ముందురోజే పుట్టింటికి వచ్చిన ఆయన కూతురు ఫోన్ చేసి, "అత్తా, నాయన పోయినాడు" అంది. దానికి నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "బండి యాడుంది?"

"మనిషి పోయినాడంటే బండి యాడుందని అడుగుతావేంది అత్తా!" అని ఆ పిల్ల ఏడుస్తూనే కసిరింది. తర్వాత తనే చెప్పింది. బండి వాకిట్లోనే ఉందట. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వాలిపోయాడట. గుండెపోటు. అది విని ముందు నేను హమ్మయ్య అనుకున్నాను, ఆ తర్వాతే ఏడుపు వచ్చింది. చావు కబురు విని హమ్మయ్య అనుకునే మనిషి ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఆ బండి సంగతి చెబితే అనుకోరు.

అనంతపురం నుంచి హిందూపురం పోయే బస్సుకు ఆయన డ్రైవరు, నేను కండక్టరు. నా సర్వీసులో సగానికి పైగా ఆయన వెనక నిలబడే గడిచింది. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. కండక్టరమ్మా అనేవాడు, లేదంటే ఉత్త 'మా'. స్టీరింగు పట్టుకుంటే ఆయన మాట్లాడడు, నేనేమో మాట్లాడకుండా ఉండలేను. చిల్లర కోసం నేను పెట్టుకునే గొడవలన్నీ దారి పొడవునా విని, బస్సు దిగాక మాత్రం, "నీ నోరు ఇంజనుకు బిగించింటే డీజిలు మిగిలేది మా" అనేవాడు.

పెనుకొండ దగ్గర ఒక ముసలమ్మ చంకలో మేకపిల్లను పెట్టుకుని, దూరం నుంచే చెయ్యి ఊపుతూ నడిచి వచ్చేది. పరిగెత్తే వయసు కాదు. ఆమె వచ్చేదాకా అన్న బస్సు కదిలించేవాడు కాదు. టైమైపోతాందని నేను అరిస్తే, "రెండు నిమిషాలు ఆగితే మన గడియారం చెడిపోదు, ఆమె దినం చెడిపోతాది" అనేవాడు. ఇంత మెత్తటి మనిషి ఒక్క విషయంలో మాత్రం బండరాయి. పొద్దున బస్సు చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, బ్రేకు తొక్కి చూసుకుని, మనసుకు నచ్చకపోతే బండి తీయడు. డిపో మేనేజరు వచ్చి గొంతు చించుకున్నా తీయడు. "ఫాల్టు ఉండే బండి గేటు దాటకూడదు సార్. దాటినాక అది నా ఒక్కడి బండి కాదు" అనేవాడు. ఆ మాటకు ఎన్ని మెమోలు తీసుకున్నాడో నాకు తెలుసు.

రిటైరయ్యే నాటికి ఆయన భార్య లేదు. కూతురి కాపురం హిందూపురంలో. బుక్కరాయసముద్రంలో కట్టుకున్న ఇంట్లో ఆయనొక్కడే. పక్క వీధిలో నేనూ ఒక్కదాన్నే. "ఇంట్లో కుర్చీలో కూర్చుంటే, వెనక బస్సంతా దిగిపోయినట్టుండాది మా" అన్నాడొకసారి. కొన్నాళ్ళకు, చేతికొచ్చిన డబ్బులో చాలా భాగం పెట్టి ఏడుగురు పట్టే కరెంటు కారు కొని తెచ్చాడు. వీధి వీధంతా నవ్వింది. "ఏమప్పా, బోరు మోటార్లకే కరెంటు లేక చస్తాండాము, కారుకు యాడ తెస్తావు?" అన్నారు. ఆయనా వాళ్ళతోపాటు నవ్వాడు.

నవ్వినవాళ్ళే తర్వాత వరసపెట్టి ఎక్కారు. లేపాక్షికి, ఆస్పత్రికి, పెళ్ళిచూపులకు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఒక్క సీటు ఖాళీగా ఉన్నా ఆయనకు తోచేది కాదు, దారిలో చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరా ఆపేవాడు. ముందు సీటు నాది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్నట్టు, ఏదైనా ఊరు రాగానే నేను తల బయటపెట్టి, "దిగేవాళ్ళు దిగండప్పా" అని కేకేసేదాన్ని. వెనక అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నా బతుకులో మంచి రోజులు చెప్పమంటే నేను అవే చెబుతాను.

ఒక ఆదివారం లేపాక్షి నుంచి తిరిగి వస్తున్నాం. బండి నిండా జనం. సోమందేపల్లె దాటాక, ముందున్న తెర మీద ఎర్రటి అక్షరాలేవో వెలిగాయి. అంతే, బండికి బలం పోయింది. అన్న యాక్సిలరేటరు తొక్కుతున్నాడు, అది పలకడం లేదు. పక్కకు తీసే లోపే హైవే నడిమధ్యలో నిలిచిపోయింది. వెనక నుంచి గ్రానైటు రాళ్ళ లారీ ఒకటి హారను మోగిస్తూ వచ్చి, మా అద్దాన్ని రాసుకున్నంత దగ్గరగా పక్కనుంచి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అందరినీ దింపి రోడ్డు పక్కన నిలబెట్టాడు.

షోరూములో కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "ఒక్కోసారి అట్ల అయితాది సార్. ఆఫ్ చేసి మళ్ళా ఆన్ చేసుకోండి" అన్నాడు.

"వెనకొచ్చే లారీని గూడా ఆఫ్ చేసుకోమందామా అప్పా?" అన్నాను నేను. అన్న కళ్ళతోనే నన్ను ఆపి, ఫిర్యాదు రాయించి వచ్చాడు.

అక్కడికి వచ్చిన ఇంకొకాయన ద్వారా తెలిసింది, ఆ రకం బండ్లు చాలా చోట్ల ఇట్లాగే ఆగాయని. ఆ బండ్ల వాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అన్న అందులో చేరాడు. కర్నూలు డాక్టరొకాయన బండి ఘాట్ రోడ్డు మలుపులో ఆగింది. తుమకూరు కొబ్బరి వ్యాపారిది రైల్వే గేటు దాటుతుండగా ఆగింది. వాళ్ళ మాటలన్నీ అన్న నాకు వినిపించేవాడు. అందరూ ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టాక కంపెనీ దిగివచ్చింది. బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు పంపే పెట్టెలో లోపముందని, ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిచి ఊరికే మార్చి ఇస్తామని ప్రకటించింది. దాన్ని రీకాల్ అంటారట. పిలవడం పిలిచారు గాని మార్చడానికి సామాను రాలేదు. వచ్చేదాకా జాగ్రత్తగా నడుపుకోమన్నారు.

అన్న నడపలేదు. "ఫాల్టు ఉండాదని వాళ్ళే ఒప్పుకున్నాక, ఇంగ నేను ఒక్క మనిషిని ఎక్కించినా పాపం నాదే" అన్నాడు. నన్ను కూడా ఎక్కనివ్వలేదు. ఎవరైనా వచ్చి ఆస్పత్రికి పోవాలంటే ఆటోను పిలిచి తెచ్చేవాడు. జనం ఊరుకుంటారా? కారు కొన్నాక కండ్లు నెత్తికెక్కినాయన్నారు. ఆ మాట పడలేక ఆయన ఇంటింటికీ పోయి, బండి ఎట్లా ఆగిందో, ఆ పెట్టె చెడితే ఏమవుతుందో, లారీ ఎంత దగ్గరగా పోయిందో కళ్ళకు కట్టినట్టు చెప్పి వచ్చాడు.

"ఇంత ఇడమరిచి చెప్పాల్నా అన్నా?" అన్నాను.

"చెప్పకుండా నిలిపితే పొగరంటారు. చెప్పి నిలిపితే నమ్ముతారు మా" అన్నాడు. నిజంగానే నమ్మారు.

ఎండలు పోయాయి. వానలు రాకుండానే వానాకాలమూ పోయింది. గ్రూపులో ఒక్కొక్కరి బండీ బాగవుతుంటే ఒక్కొక్కరూ అందులోంచి వెళ్ళిపోయారు. పని అయిపోయినవాళ్ళకు అక్కడేం పని? కొబ్బరి వ్యాపారి మాత్రం పోతూ పోతూ ఒక దండం బొమ్మ పెట్టాడు. అన్న రోజూ పొద్దున్నే లేచి, కదలని బండిని తుడిచేవాడు. సాయంత్రం నేను పోతే ఇద్దరం వరండాలో కూర్చునేవాళ్ళం. కాసేపటికే మాటలు అయిపోయేవి. నాకే మాటలు అయిపోయాయంటే ఆ ఇల్లు ఎట్లా ఉండేదో మీరే చూడండి.

చివరికి సామాను వచ్చింది, పెట్టె మార్చారు. కొన్నాళ్ళు ఆయన ఒక్కడే రోజూ పెనుకొండ దాకా పోయి వచ్చి, బండి మీద గురి కుదిరాక, ఆదివారం లేపాక్షికి పోదాం రమ్మని మళ్ళీ ఇంటింటికీ తిరిగాడు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు. ఒకరికి చుట్టాలు వస్తున్నారు. ఎదురింటామె ఒక్కతే ఉన్నమాట చెప్పింది. "నువ్వే గదన్నా చెప్పితివి, లారీ నెత్తిమీదికి వచ్చిందని. పిల్లోల్లను ఎట్ల ఎక్కించేది?"

చెడిందంటే నమ్మినవాళ్ళు బాగయిందంటే నమ్మలేదు. ఆమె మీద నేను చిందులు తొక్కితే అన్న, "ఆమెదేం తప్పుంది? భయం పెట్టింది నేనే" అన్నాడు.

వాళ్ళందరూ మొన్న చావుకు వచ్చారు. పాడె మోయడానికి నేనంటే నేనని ముందుకొచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ వాళ్ళను అనడానికి నాకు నోరేది? అన్న పోయాడనగానే బండి ఎక్కడుందని అడిగిన దాన్ని నేను. వాళ్ళూ నాలాగే భయపడ్డారు, నాలాగే ఏడ్చారు.

ఆయన ఇంటింటికీ తిరిగి పిలిచిన ఆ ఆదివారం బండి ఎక్కింది నేనొక్కదాన్నే. ఆయన ఇంక ఉండేది నాలుగు రోజులేనని అప్పటికి ఎవరికి తెలుసు! అద్దంలో ఒకసారి వెనకకు చూసి, ఖాళీ సీట్లు కనబడగానే చూపు తిప్పుకున్నాడు. నేను ఆపకుండా మాట్లాడాను. సోమందేపల్లె దగ్గర ఆ చోటు వచ్చినప్పుడు మాత్రం నోరు మూసి సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను. బండి మెత్తగా దాటిపోయింది. లేపాక్షిలో నంది ముందర కూర్చుని బొరుగులు తిన్నాం. ఎవరెవరో పిల్లలు ఫోటోలు దిగుతుంటే ఆయన చాలాసేపు వాళ్ళనే చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు నాకు ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. డ్యూటీలో ఏనాడూ రెప్ప వాల్చని దాన్ని. మెలకువ వచ్చేసరికి బండి మా ఇంటి ముందు ఆగి ఉంది. ఎంతసేపటి నుంచి ఆగిందో. ఎండ వాలిపోయింది. అన్న రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, కదలకుండా ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

"ఇల్లొచ్చినాక లేపకూడదా అన్నా?" అన్నాను.

"లేపబుద్ధి కాలేదు మా. నా బండిలో ఒకరు నిద్రపోయి శానా దినాలైంది" అన్నాడు. చూపు తిప్పకుండానే, "ఇంగా రవ్వంతసేపు పండుకో" అన్నాడు.

నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. నిద్ర రాలేదు. వీధిలో గొర్రెల మంద ఒకటి బండికి రాసుకుంటూ పోయింది, పిల్లలెవరో అరుచుకుంటూ పోయారు. అయినా పొద్దు గూకేదాకా నేను కళ్ళు తెరవలేదు. పక్కన ఆయనా కదలలేదు.