దొరగారి కోటు కింద నీలం

1984 వసంతంలో న్యూజెర్సీలోని ఒక చిన్న మ్యూజియంలో అసిస్టెంట్ కన్జర్వేటర్‌గా చేరాను. పాత తైలవర్ణ చిత్రాల మకిలి వదిలించి, చిరుగులు అతికే ఉద్యోగం. మొదటగా నా బల్ల మీదికొచ్చినవాడు సర్ ఎడ్మండ్ అనే ఇంగ్లీషు దొర.

మూడో జార్జి రాజు కాలపు పార్లమెంటు సభ్యుడాయన. ఓటర్లంతా సొంత కౌలుదార్లే, ఇంక గెలుపుకి ఢోకా ఏముంటుంది! చాలాకాలం ప్రతిపక్షంలో కూర్చుని, ప్రభుత్వం ఏదో చిన్న పదవి చూపించగానే అటు దూకేశాడు. చరిత్రలో ఆయన వాటా అంతే. బొమ్మలో ముదురు గోధుమరంగు కోటు వేసుకుని ఉన్నాడు.

పని మొదలెట్టేముందు ఒక అంచున గోరంత మేర శుభ్రం చేసి చూస్తాం. దాన్ని కిటికీ అంటాం. కోటు అంచున తెరిచిన ఆ కిటికీలో గోధుమరంగు కింద నీలం బయటపడింది. నీలం ఆనాటి ప్రతిపక్షం వాళ్ల రంగు.

మా విభాగం చీఫ్ ఎగిరి గంతేశాడు. పై రంగు తర్వాతెప్పుడో బొమ్మలమ్మే ఏ వ్యాపారో పూయించి ఉంటాడనీ, మ్యూజియం నడిపే ట్రస్టీలు చూడటానికొచ్చేలోపు మొత్తం తీసేయమనీ చెప్పాడు. తీసిన రంగు మళ్లీ రాదు. నాకు తెనాలిలో మా మామయ్య ఫొటో స్టూడియో గుర్తొచ్చింది. పార్టీ మారిన నాయకులు పాత ఫొటో పట్టుకొచ్చి, కండువాకి కొత్త రంగు వేయించుకుపోయేవారు. ఈయనా ఆ బాపతేనేమో!

కానీ నా గ్రీన్‌కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆ చీఫే. ఇంట్లో చెబితే మా ఆవిడ కస్సుమంది.

“ఎప్పుడో పోయిన దొర కోటు కోసం మన కేస్ స్పాయిల్ చేస్తారా? కార్డ్ చేతికొచ్చేదాకా ఆయన చెప్పింది చేసెయ్యండి, ప్లీజ్!”

ఆమెను తప్పుపట్టను. నాకూ భయంగానే ఉంది.

మర్నాడు చీఫ్ తనే రంగు కరిగించే ద్రావకంలో దూదిపుల్ల ముంచి కోటు మీదికి వంగాడు. ఆగమన్నాను. ముందు మైక్రోస్కోప్‌లో పగుళ్లు చూడమన్నాను. బొమ్మ పగిలాక పూసిన రంగు పగుళ్లలోకి దిగుతుంది. పగలకముందే పూసిందైతే రెండు పొరలూ కలిసి పగులుతాయి. ఆయన చాలాసేపు చూశాడు. పగుళ్లు రెండు పొరల్నీ చీల్చుకుంటూ ఒకే గీతగా పోయాయి. అంటే రంగు మార్చింది దొరగారి హయాంలోనే. మామయ్య స్టూడియో సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. దూదిపుల్ల పక్కన పెట్టి, ట్రస్టీలకి నువ్వే చెప్పుకో అని వెళ్లిపోయాడు.

చెప్పుకున్నాను. బొమ్మ గోధుమరంగు కోటుతోనే, అంచున నీలి కిటికీతో గోడెక్కింది. నా గ్రీన్‌కార్డ్ కాగితాల మీద చీఫ్ సంతకం మాత్రం ఆ ఏడాది పడలేదు. మా ఆవిడ దొరగారిని తిట్టని రోజు లేదు.

బొమ్మ మీది మకిలి వదిలించడమే మా పని, మనిషి మీదిది కాదు. ఆ రంగు తీసేసి ఉంటే, పార్టీ ఫిరాయించినవాణ్ణి మాట తప్పని మనిషిగా గోడకి తగిలించి ఉండేవాళ్లం.