కారు కింద ఆకుల కుప్ప

మా వీధిలో ఎవరో ఒకరి మూతి పగలకుండా వారం గడిచేది కాదు. భవానీపూర్‌లో ఆ వీధిని ఇరవై రెండేళ్లు ఊడ్చినదాన్ని, నాకు తెలియదా? ఆకులతోపాటు చొక్కా గుండీలు, తెగిన చెప్పుల వార్లు దొరికేవి. ఒకసారి బంగారం తొడిగిన పన్ను దొరికింది. అది ఎవరిదో వీధిలో అందరికీ తెలుసు. అతను మాత్రం అడగడానికి రాలేదు. అడిగితే ఎవరు కొట్టారో చెప్పాలి కదా.

నేను కలకత్తా కార్పొరేషన్‌లో స్వీపర్‌గా చేశాను. ఆ ఉద్యోగం మా అమ్మది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో చీపురు పట్టింది. ఆవిడ పోయాక ఆ చీపురు నా చేతికొచ్చింది. ఖిదిర్‌పూర్‌లో తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. ఉద్యోగంతోపాటు కార్పొరేషన్ లైన్లలో, అంటే స్వీపర్లుండే వరస గదుల్లో, ఒక గది ఇచ్చారు. ఉద్యోగం పోతే గది పోతుంది, ఇద్దరు ఆడపిల్లలతో రోడ్డు మీద పడతాం. ఇది మా లైన్లలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

నా మొగుడు మా అమ్మకి సొంత తమ్ముడు. పెళ్లికి ముందూ మావే, తర్వాతా మావే. మనిషి బక్కగా ఉంటాడు గానీ కోపం మాత్రం మోయలేనంత. రేవులో కూలి పని పోయి మూడేళ్లు ఖాళీగా ఉన్నాడు. అప్పుడే కార్పొరేషన్ వాళ్లు వీధిలో తెల్లగీతలు గీయించారు. గీతల మధ్య కారు నిలిపితే గంటకింత అని కట్టాలి, వసూలు చేసే పని నిరుద్యోగుల సంఘానికి ఇస్తారు. అది ఎర్రజెండా రాజ్యం. మా వార్డు పార్టీ ఆఫీసులో నెల రోజులు టీలు మోసి మావ ఆ సంఘంలో పేరు రాయించుకున్నాడు. చేతికి చీటీల పుస్తకం, ఒంటికి నీలం చొక్కా ఇచ్చారు. మొదటిరోజు ఆ చొక్కా నేనే ఇస్త్రీ చేశాను.

మొదటివారంలోనే చొక్కా చిరిగింది. చీటీ రాసిస్తే ఒకడు నలిపి మావ నోట్లో కుక్కాడు. ఇంకొకడు చక్రాలు విప్పే ఇనపకడ్డీ తీశాడు. మావ ఊరుకునే రకమా? గొడుగు పెట్టి అతని మోకాలి మీద కొట్టాడు, ఇద్దరూ టీ కొట్టు బల్ల మీద పడ్డారు, వేడి టీ ఎవరి వీపు మీదో ఒలికింది, వాడు వచ్చి ఇద్దరినీ తన్నాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా. కారు జరపమంటే నన్ను బూతు తిట్టిన డ్రైవర్ మొహం మీద చీపురు తిరగేసి కొట్టాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా వీధిలో ఎవరి నోరూ మంచిది కాదు, నాది అందరికంటే చెడ్డది.

ఆ చలికాలమే ఇంకో ఆర్డరు వచ్చింది. ఊళ్లో గాలి పాడైపోతోంది, ఆకులూ చెత్తా రోడ్డు మీద కాల్చకూడదు అని. మా హాజరు తీసుకునే సర్దార్ పొద్దున్నే నిలబెట్టి చదివి వినిపించాడు. కాలుస్తూ దొరికితే జీతం కోత, రెండోసారి దొరికితే ఉద్యోగమే ఉండదన్నాడు. ఆర్డరు తప్పని నేను అనను. ఆ పొగ మింగి మా అమ్మ ఊపిరితిత్తులు ఏమయ్యాయో చూశాను. కానీ చలికాలంలో ఆ వీధిలో రాలే ఆకుని ఒక్క తోపుడుబండిలో మోయాలంటే నాలుగుసార్లు తిరగాలి. కుప్పచేసి అగ్గిపుల్ల గీస్తే పిడికెడు బూడిద మిగులుతుంది. మా అమ్మ అలాగే చేసింది. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆర్డరు వచ్చాక మేడల మీది బాబులకి బలం వచ్చింది. పక్క వీధిలో ఊడ్చే ముసలమ్మ కాళ్ల మీదకి కాలుతున్న కుప్పని ఒకాయన తన్నాడు. పాదాలు బొబ్బలెక్కి ఆవిడ పది రోజులు లేవలేదు. ఆ బాబు కారు వదిలే పొగ గురించి ఎవరూ అడగలేదు. అత్త మీద కోపం దుత్త మీద.

అయినా మేం మానలేదు. దానికో ఉపాయం పట్టాం. గాలి పర్యవేక్షణకి జీపులో అధికారి వచ్చేవాడు. ఆ జీపు చప్పుడు దూరం నుంచే తెలిసేది. వినపడగానే కుప్ప మీద తడి ఆకులు కప్పి, మంట అణిచి, చీపురుతో దగ్గరలో ఉన్న కారు కిందకి తోసేసేవాళ్లం. జీపు పోగానే మళ్లీ బయటికి లాగేవాళ్లం. కార్లు వరుసగా నిలిచే వీధుల్లో ఇది సులువు. మా స్వీపర్లందరికీ ఇది తెలిసిన విద్యే. ఎప్పుడూ ఏమీ కాలేదు.

వీధి మధ్యలో పసుపు మేడ ఉండేది. ఆ ఇంటాయన పాత నల్లకారు ఒకటి రాత్రీ పగలూ మేడ ముందే నిలిపేవాడు. గీతలు గీశాక అక్కడ కూడా డబ్బు కట్టాల్సి వచ్చింది. "నా ఇంటి ముందు నా కారుకి డబ్బా?" అని ఆయన వాదన. రోడ్డు కార్పొరేషన్‌ది కదా దాదా అని మావ. నెల రోజులు ఇదే పాట. ఒక సాయంత్రం ఆయన మావని చెంప మీద కొట్టాడు. నలుగురి ముందు, నా ముందు. మావ తిరిగి కొట్టలేదు. కొడితే సంఘంలోంచి తీసేస్తారు. పెదవి నెత్తురు తుడుచుకుని, "రేపు నీ కారు ఇక్కడ ఎలా ఉంటుందో చూస్తాను" అని బెంగాలీలో అరిచాడు. చక్రానికి గొలుసు వేసే కార్పొరేషన్ వాళ్లని పిలిపిస్తానని అతని ఉద్దేశం. ఆ రాత్రి అన్నం తింటూ నాతో అదే చెప్పాడు. వీధి విన్నది మాత్రం ఆ అరిచిన మాటే.

మర్నాడు పొద్దున్న మంచు దట్టంగా ఉంది. పసుపు మేడ ముందు కుప్ప అంటించాను. సగం కాలిందో లేదో జీపు చప్పుడు. తడి ఆకులు కప్పి నల్లకారు కిందకి తోసేశాను. చీపురు పుల్లలు కొసన కాలాయి, కాలితో తొక్కి ఆర్పాను. రోజూ అయితే జీపు నెమ్మదిగా వెళ్లిపోయేది. ఆరోజు వీధి మొదట్లో ఆగింది. అధికారి దిగి సర్దార్‌తో మాట్లాడుతూ నిలబడ్డాడు. వాళ్ల ఎదురుగా కుప్పని బయటికి లాగలేను. పని చేస్తున్నట్టు కనపడాలని ఊడ్చుకుంటూ ముందుకి పోయాను. పాతిక ఇళ్లు దాటాను. ఆ కారు కింద తడిమరక రోజూ చూసేదాన్నే. ఇంజను నూనె అనుకునేదాన్ని. అది కారుతున్న పెట్రోలని నాకెలా తెలుస్తుంది?

భగ్గుమన్న చప్పుడుకి వెనక్కి తిరిగాను. కారు ముందు భాగం మండుతోంది. అద్దం పగిలి రోడ్డంతా పడింది. పసుపు మేడ కిటికీలోంచి ఆడవాళ్లు అరుస్తున్నారు. మావ అప్పుడే డ్యూటీకి వస్తూ ఏం జరిగిందా అని పరిగెత్తాడు. అదే అతను చేసిన తప్పు. మేడాయన లుంగీతో బయటికి వచ్చి మావని చూసి, "వీడే. నిన్న అందరి ముందూ అన్నాడు," అన్నాడు.

తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. ఈ ఊళ్లో జనం మొదట కొట్టి, ఎందుకని తర్వాత అడుగుతారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు వచ్చి తలో దెబ్బ వేసి మళ్లీ బస్సెక్కారు. మావతో రోజూ టీ తాగే కొట్టువాడు కూడా కొట్టాడు. బట్టలారేసే తాడు తెచ్చి దీపస్తంభానికి కట్టారు. చీటీలు రాసే చెయ్యి ఇదేనా అని ఒకడు కుడిచేతి వేళ్లు వెనక్కి వంచాడు. విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నీలం చొక్కా ముందంతా ఎర్రబడింది. మావ అరుస్తున్నాడు, నేను కాదు, నేను కాదు అని. ఇంకెవరో ఇటికముక్క తీసి చెవి మీద కొట్టారు. తల వేలాడిపోయింది.

వెనక్కి పరిగెత్తుకొచ్చిన నేను గుంపు వెనకే ఉన్నాను. నోరు పెగల్లేదని రాస్తే బాగుంటుంది, కానీ అబద్ధం. నోరు బాగానే ఉంది. అప్పుడు నేను ఆలోచించాను. నేనే తోశానంటే ఉద్యోగం పోతుంది, జీపు అధికారి అక్కడే ఉన్నాడు. గది పోతుంది, పిల్లలు వీధిన పడతారు. నన్ను కూడా ఆ స్తంభానికే కట్టేస్తారు. డ్రైవర్ల మొహాలు పగలగొట్టినదాన్ని, నాకు భయం వేసింది. చీపురు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. మావ తలెత్తి గుంపులో నన్ను వెతికాడు. నన్ను చూశాడు. కాలిన చీపురు చూశాడు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత బెంగాలీలో, "అవును, నేనే అంటించాను," అన్నాడు.

కొట్టడం ఆగిపోయింది. పోలీసు వ్యాను వచ్చింది. తాడు విప్పి వ్యానులో పడేశారు.

అతని కుడిచెవి పోయింది. మూడువేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. సంఘం పేరు కొట్టేసింది. ఆరోజుల్లో మొగుడూ పెళ్లాల తగువు దగ్గర్నుంచి కొళాయి తగువు దాకా పార్టీ ఆఫీసులోనే తేలేది, ఇదీ అక్కడే తేలింది. మేడాయన కాళ్లు పట్టుకుంటే కేసు ఎత్తేస్తారన్నారు. కట్టు కట్టిన చెయ్యితో మావ వంగి కాళ్లు పట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. అక్కడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. అప్పుడు చెబితే ఇతను పడ్డదంతా వృథా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసుకి ఏది కావాలో అది చెబుతుంది.

మావ తర్వాత ఎవరినీ కొట్టలేదు. కొట్టడానికి చెయ్యి లేదు. ఇంట్లో వంట నేర్చుకున్నాడు, పిల్లలకి జడలు వేశాడు. ఆ కుప్ప సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. నా లోపల మాత్రం ఒక గర్వం పెరిగింది. లైన్లలో ఆడవాళ్లు మొగుళ్ల గురించి ఏడుస్తుంటే, నా మొగుడు నా కోసం ఎముకలు ఇచ్చాడని లోపల అనుకునేదాన్ని. ఒకరిద్దరికి పైకి కూడా చెప్పాను. పెద్దకూతురు పెళ్లప్పుడు దానికీ చెప్పాను, మొగుడంటే మీ నాన్నలా ఉండాలి అని.

ఉద్యోగం దిగిపోయిన రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి అతనికి అన్నం పెట్టాను. ఇంక ఎవరూ నన్ను ఏమీ చేయలేరు. ఎడమచెవి వైపు కూర్చున్నాను.

"మావా, ఆ కుప్ప నానే తోసినాను."

"తెలుసు."

"తెలిసే గదా నా కోసం ఒప్పుకున్నావు. నానేటి ఇచ్చి నీ రుణం తీర్సుకోను?"

ముడవని వేళ్లతో అన్నం కలిపాడు. మొహంలో కోపం లేదు.

"నీ కోసమేటి కాదే," అన్నాడు. "నువ్వు సెప్తావని సూసినాను. ఏళ్లు ఇరిసినప్పుడు సూసినాను. ఇటికెట్టి కొట్టినప్పుడు సూసినాను. నువ్వు సీపురట్టుకుని అలాగే నిలబడ్డావు. ఇంక సెప్పవని అరదమైపోయింది. ఒప్పుకుంటే ఈళ్లు కొట్టడం మానేసి పోలీసులకిస్తారు, పేణం మిగుల్తాదని ఒప్పుకున్నాను. ఇంకేటి నేదు."

నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. ఇన్నేళ్లూ అతను అది తెలిసే నా పక్కన పడుకున్నాడు, నేను వండింది తిన్నాడు, నా పిల్లలకి జడలు వేశాడు.

"ఇన్నాళ్లూ ఒక్క మాటా అన్నేదేటి మావా?" అన్నాను.

"అంటే నువ్వెక్కడికి ఎల్తావు, నానెక్కడికి ఎల్తాను?" అని, కంచం ముందుకి జరిపి పప్పు అడిగాడు.