ఆకలి పోతుందని ఆముదం

నాకు యాభై రెండేళ్లు, తొంభై ఆరు కిలోలు. మోకాళ్లు మాత్రం ఎనభై ఏళ్లవి. మా బడిలో మేడ మీదున్న తొమ్మిదో తరగతికి నేను ఎక్కేసరికి నేను చెప్పాల్సిన సాంఘికశాస్త్రం పీరియడు సగం అయిపోయేది. మోకాళ్లకు ఆపరేషన్ చేయమంటే ఎముకల డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, "ముందు బరువు తగ్గండి, తర్వాత చూద్దాం" అన్నాడు. తగ్గడం నాకేం కొత్త కాదు. చాలాసార్లు తగ్గాను, తగ్గినదానికి రెండింతలు పెరిగాను. శుక్రవారాలు చర్చిలో ఉపవాస ప్రార్థనలకు కూడా వెళ్లాను. ప్రార్థన అయ్యాక వడ్డించే పులావు ముందు ఏ ఉపవాసం నిలుస్తుంది?

గుంటూరులో ఒక ఆస్పత్రివాళ్లు తలకు సన్నగా కరెంటు పెట్టి తిండి యావ తగ్గించే ప్రయోగం చేస్తున్నారని తెలిసి పేరిచ్చాను. కోత లేదు, మత్తు లేదు. నుదుటికి పైన రెండు వైపులా తడి స్పాంజిలు పెట్టి, పట్టీ బిగించి, ఇరవై నిమిషాలు కూర్చోబెడతారు. "అందరికీ పనిచేస్తుందని చెప్పలేం, ఇంకా పరీక్షిస్తున్నాం" అని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. నిజం చెప్పే డాక్టరు దొరికిందని ముచ్చటపడ్డాను.

ఎనభై దాటిన మా అమ్మకు ఈ సంగతి చెప్పడమే నేను చేసిన తప్పు. ఈ వయసులోనూ నా జడ అమ్మే వేస్తుంది. "తలలోకి కరెంటు పంపితే వేడి చెయ్యదటే?" అని మొదటిరోజు పొద్దున్నే మాడు మీద ఆముదం పోసి నుదుటి మీదికి కారేదాకా మర్దించింది. మా ఇంట్లో కళ్లు మండితే ఆముదం, నిద్ర పట్టకపోతే ఆముదం, పరీక్షకు వెళ్తున్నా ఆముదమే. జిడ్డోడే మొహంతో బస్సెక్కాను.

ఆస్పత్రిలో స్పాంజి పెట్టగానే మిషను కీచుమంది. టెక్నీషియన్ స్పిరిటు దూదితో తుడిచాడు. మళ్లీ కీచుమంది. "ఏంటండీ మేడమ్, ఈ నూనెతో గారెలు వేయించొచ్చు. జిడ్డుంటే కరెంటు లోపలికి పోదండీ" అన్నాడు. మర్నాడు షాంపూతో రుద్దుకుని వెళ్లాను. అయినా కీచుమంది! మూడోరోజూ అంతే. డాక్టరమ్మకు విసుగొచ్చింది. "రేపు కూడా ఇలాగే వస్తే మీ బదులు ఇంకొకరిని తీసుకుంటాం" అంది. పిల్లలచేత గోడకుర్చీ వేయించే నేను అక్కడ తల దించుకుని నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి, అమ్మ రోజూ నాకు జడవేసే దువ్వెన వాసన చూశాను. ఆముదం! పంటి పంటికీ పట్టించి ఉంది.

"కావాలనే చేశావు కదూ? రేపటితో నా పేరు కొట్టేస్తారు. నా మోకాళ్లు ఇట్లాగే పోవాలా?" అని వీధంతా వినపడేలా అరిచాను.

అమ్మ దబాయిస్తుందనుకున్నాను. ఆవిడ నోటికి మా వీధిలో ఎదురు లేదు. కానీ గొంతు తగ్గించి, "కావాలనే చేశానే" అంది. "ఆకలి చంపే కరెంటు నీకొద్దు. మీ నాన్నకు ముందు పోయింది ఆకలేగా. తినబుద్ధి కావట్లేదంటే, నా కూరకు వంకలు పెడుతున్నాడని తిట్టాను. నెల తిరక్కుండా పోయాడు."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఆకలి చావదని, యావ తగ్గుతుందంతేనని చాలాసేపు నచ్చజెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. మర్నాడు తెల్లారేసరికి మాత్రం కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది. నా కళ్లు ఎర్రబడేదాకా తనే తలంటింది.

ఆ రోజు మిషను నోరెత్తలేదు. స్పాంజిల కింద కాస్త చిమచిమలాడింది, అంతే. ఆ వేసవి సెలవుల్లో రెండు వారాలు ఎండలో పడి ఆస్పత్రికి తిరిగాను. చివరికి ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే, వేడి అన్నం, గోంగూర పచ్చడి, పైన నెయ్యి అన్నీ ఉన్నా, నాలుగు ముద్దలకే చాలనిపించింది. కరెంటు మహిమో, ఎండ మహిమో నాకు తెలియదు. లేచి గంతెయ్యాలనిపించింది.

ఎదురుగా అమ్మ గరిటె పట్టుకుని కూర్చుంది. నా నోటివంకే చూస్తోంది.

బరువు గురించి అడిగిన ప్రతి డాక్టరుకూ "నాకసలు ఆకలే వెయ్యదండీ" అని బొంకినదాన్ని నేను. కంచం అమ్మ గరిటె ముందుకు జరిపాను.

"ఆకలి దంచేస్తోందే అమ్మా" అన్నాను.