ఎగిరిన రేకులకు పలకరింపు

గాలిదుమారం వచ్చి వెళ్లేసరికి మా వెనక గది రేకులు మూడు పెరట్లో ఉన్నాయి. ఒకటి బోరింగు మీద, ఒకటి కూలిన ప్రహరీ మీద, ఇంకొకటి జామచెట్టుకు సన్మానం చేసి శాలువా కప్పినట్టు. ఆ రేకులకు హుక్కులు లేవు. రేకుకు తూటు పొడిస్తే కారుతుందని మా బాపు సిద్ధాంతం. అందుకే కరీంనగర్‌లో గ్రానైటు కోసేచోట పారేసిన ముక్కలు తెచ్చి బరువు పెట్టాడు. ఇంట్లో గచ్చు పగిలిపోయిన సిమెంటుది, కప్పు మీద మాత్రం నున్నటి నల్లరాయి. ఆ వైభవం కాకులకు తప్ప ఎవరికీ కనపడలేదు.

ఆ గదిలోనే పసుపు బస్తాలున్నాయి. ఉడకబెట్టి, ఎండబెట్టి, ధర పెరుగుతుందని బాపు దాచిన ఏడాది పంట. తడిస్తే బూజు పడుతుంది, ఇక ఎవడూ కొనడు. పడమట మబ్బు నల్లగా కూర్చుని ఉంది. బడి మధ్యలో వదిలిన నాకు కూడా తెలిసిపోయింది, బస్తాలను ముందింట్లోకి మార్చాలని.

ముందింట్లో చోటు లేదు. చుట్టాలున్నారు.

మా వైపు ఎవరికైనా కాలు విరిగినా, కడుపు కోసినా, బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని చూసి రావాలి. రానివాళ్లను పెళ్లిళ్లలో కూడా దెప్పుతారు. కప్పు ఎగిరినా అదే మర్యాదట. మేనత్త బ్రెడ్డు తెచ్చింది. రేకులు తినవు కాబట్టి మామే తింటున్నాడు.

"గిట్లెట్లాయె తమ్మీ!" అని ఆమె బాపును పట్టుకుంది. గాలి ఎటునుంచి వచ్చిందో బాపు చేతులు ఊపుతూ మొదటినుంచి చెప్పాడు. కొత్తగా ఎవరు గడప దాటినా మళ్లీ మొదటినుంచి. చెప్పిన ప్రతిసారీ గాలి పెరుగుతోంది. అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి మీంచి చాయ్ గిన్నె దించడం లేదు.

నేను ఒక్కణ్ణే నిచ్చెన ఎక్కి, రేకుకు తూట్లు పొడిచి హుక్కులు బిగిస్తున్నాను. మామ చాయ్ గ్లాసుతో పెరట్లోకి వచ్చాడు.

"అల్లుడా, ఏమన్న సాయం పట్టాల్నా?"

"గా రేకు కొస జర పట్టు మామా."

"పట్టేటోణ్ణే గని, అంగి కొత్తది."

"అయితె అంగిని లోపల కూసోబెట్టి నువ్వు రా."

ఆయన నవ్వి, అంగితో సహా లోపలికే వెళ్లాడు. చప్పుడు విని బాపు బయటికి వచ్చాడు.

"తూట్లు పొడుస్తున్నవారా? రాళ్లు మళ్ల పెట్టరాదు!"

"ఒక రాయి గోలెం పలగ్గొట్టె, ఒకటి గోడ కూలగొట్టె. ఇగ మిగిలింది మన తలకాయలే బాపూ."

అప్పుడే నా మెడ మీద చినుకు పడింది.

"అవ్వా! వాన!"

చుట్టం చాయ్ తాగకుండా లేస్తే తిండి మానేసే మా అవ్వ గిన్నె కింద పెట్టింది. గుమ్మంలో నిలబడింది.

"వదినె, లెవ్వుండ్రి. మీరు కూసున్న జాగల పసుపు కూసోవాలె."

"పలకరియ్య వస్తె లెవ్వుమంటవా?"

"ఊకె లెవ్వుమంటలేను. ఇద్దరిద్దరు ఒక బస్తా పట్టుకోవాలె."

ఎవరూ కదల్లేదు. బాపు గాలి కథ మధ్యలో చేతులు గాల్లోనే ఆపేశాడు. చివరికి వాటిని దించి, వెనక గదిలోకి వెళ్లి ఒక బస్తా కొస పట్టుకున్నాడు. రెండో కొసకు మనిషి కావాలి. మామ తన అంగిని ఒకసారి ప్రేమగా చూసుకుని వెళ్లాడు. ఆయన వెనకే అందరూ.

ఆఖరి బస్తా గడప దాటుతుండగా వాన దంచింది. మంచం మీద, కుర్చీల మీద, కింద అంతటా బస్తాలే. చుట్టాలు గోడలకు అంటుకుని నిలబడ్డారు.

"చూడవస్తె కూలికి పెట్టుకున్నరు," అంది మేనత్త, కొంగుకు అంటిన పసుపు దులుపుతూ.

అవ్వ వినలేదు. ఒక్కో బస్తాను చేత్తో తడిమి చూస్తోంది. అన్నీ పొడిగానే ఉన్నాయి. అప్పుడు తిరిగి చూసింది.

"చాయ్ పెడ్త వదినె. నిలవడి తాగుతరా?"